ఏడాది సేవ ముగించి వెళ్లేటప్పుడు వీడ్కోలు ఎలా చెప్పాలి?

మనం ఎక్కడి నుంచైనా బయలుదేరేటప్పుడు "వెళ్తున్నా" అనం, "వెళ్లొస్తా" అంటాం. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ ఏడాది పాటు వాలంటీర్‌గా పనిచేసి వెళ్లిపోతున్నవాళ్లు ఆ మాట కాస్త చూసుకుని అనాలి. పెద్దవాళ్లు దాన్ని మర్యాదగా తీసుకుంటారు. ఏడేళ్ల పిల్ల మాత్రం మాట ఇచ్చారనుకుంటుంది. ఒక పిల్లల వసతిగృహంలో ఏడాది పాటు సాయంత్రాలు పాఠాలు చెప్పి, చివరి రోజు అలవాటుగా "వెళ్లొస్తా" అనేశాను. "ఎప్పుడు?" అని అడిగింది ఒక పాప. "త్వరలోనే" అన్నాను. అది అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు.

తర్వాత ఇంకో చోట ఇంకో ఏడాది చేశాను. అక్కడ కొంచెం మెరుగ్గా వీడ్కోలు చెప్పగలిగాను. ఆ రెండుసార్లూ నేర్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: తేదీ బయటపెట్టండి

చాలామంది "ఇప్పుడే చెప్పి బాధపెట్టడం ఎందుకు" అని చివరి వారం దాకా దాస్తారు. నిజానికి ఆ మాట చెప్పడానికి ఇబ్బంది పడేది మనమే. కోఆర్డినేటర్‌కి, తోటి పనివాళ్లకి కనీసం నెలా నెలన్నర ముందు చెప్పాలి. లేకపోతే మీ స్థానంలో ఇంకొకరిని వెతికే టైమ్ వాళ్లకు ఉండదు. చిన్నపిల్లలకు మరీ ముందుగా చెబితే లెక్క అందదు. రెండు మూడు వారాల ముందు చెప్పి, క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గుండ్రంగా గీసి, రోజుకొకటి కొట్టేస్తూ పోతే వాళ్లకు అర్థమవుతుంది. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులతో పనిచేస్తుంటే పద్ధతి వేరు. చివరి రోజుల్లోనే నెమ్మదిగా చెప్పండి, మళ్లీ అడిగితే విసుక్కోకుండా మళ్లీ చెప్పండి. "నిన్న చెప్పానుగా" అనకండి.

ఎందుకు వెళ్తున్నారో కూడా చెప్పాలి. లేకపోతే "నేను అల్లరి చేశానని వెళ్లిపోతోంది" అని ఎవరో ఒక పిల్లవాడు మనసులో పెట్టుకుంటాడు. "ఏడాదికని వచ్చాను, ఏడాది అయిపోయింది" అంటే చాలు.

రెండోది: మీకు మాత్రమే తెలిసినవి రాసిపెట్టండి

వీడ్కోలులో అసలు బరువు ఇక్కడే ఉందని నా నమ్మకం. సభ, దండ, ఫోటో లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. మీరు వెళ్లిన మర్నాడు పని ఆగిపోతే మాత్రం నష్టపోయేది మీరు సేవ చేసినవాళ్లే.

తాళాలు, పాస్‌వర్డులు, రిజిస్టర్లు, బాకీలు ఎలాగూ అప్పగిస్తాం. మరిచిపోయేవి వేరే ఉంటాయి. ఆ మూల కూర్చునే అబ్బాయికి ఎడమ చెవి సరిగా వినపడదు కాబట్టి కుడివైపు నుంచి మాట్లాడాలి. ఫలానా పెద్దావిడ మందు వేసుకున్నానంటుంది కానీ వేసుకోదు. కరెంటు పోతే ఒక పాప ఏడుస్తుంది, చెయ్యి పట్టుకుంటే చాలు. ఇలాంటివి ఏ ఫైల్లోనూ ఉండవు. చివరి నెలంతా జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, గుర్తొచ్చినప్పుడల్లా రాయండి. అది ఎవరి చేతికి వెళ్తుందో మాత్రం కోఆర్డినేటర్‌తో మాట్లాడుకోండి. ఆరోగ్యం, కుటుంబ విషయాలు నలుగురి కంట్లో పడకూడదు.

కొత్త వాలంటీర్ వస్తుంటే కొన్ని రోజులైనా ఇద్దరూ కలిసి పనిచేసేలా చూడండి. మొదట మీరు చేస్తుంటే ఆయన చూస్తాడు, తర్వాత ఆయన చేస్తుంటే మీరు వెనక నిలబడతారు. పిల్లలు మీ దగ్గరికే పరుగెత్తుకొస్తే "అన్నను అడుగు" అనడం కొంచెం కష్టమే. అయినా అనాలి. కొత్తవాళ్లు ఎవరూ రాకపోతే, ఆ పని ఇక ఎవరు చూస్తారో పేరు పెట్టి చెప్పండి.

మూడోది: మాటపట్టింపులు తేల్చుకోండి

దేశాలు మారుతూ పెరిగే పిల్లల మీద పనిచేసిన డేవిడ్ పొలాక్ అనే ఆయన వెళ్లిపోయేవాళ్ల కోసం నాలుగు పనులు చెప్పాడు. రాజీపడటం, చేసిన మేలు గుర్తించి చెప్పడం, వీడ్కోలు పలకడం, వెళ్లే చోటు గురించి ఆలోచించడం. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే "ర్యాఫ్ట్", అంటే తెప్ప. రాజీ మొదటే ఎందుకుందో నాకు ఆలస్యంగా అర్థమైంది. వంటగదిలో ఒకావిడతో మూడు నెలలు ముభావంగా ఉండి, "ఎలాగూ వెళ్లిపోతున్నానుగా" అని వదిలేశాను. ఆ ఊరు గుర్తొస్తే ఇప్పటికీ ముందు ఆ మొహమే గుర్తొస్తుంది. పెద్ద సంభాషణేమీ అక్కర్లేదు. "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అంటే చాలు.

నాలుగోది: థాంక్స్ విడివిడిగా చెప్పండి

"అందరికీ కృతజ్ఞతలు" అంటే ఎవరికీ చెప్పనట్టే. "నాకు జ్వరమొచ్చిన రోజు మీరు నా క్లాసు కూడా చూసుకున్నారు" అంటే చెప్పినట్టు. వాచ్‌మన్, డ్రైవర్, ఊడ్చే ఆయమ్మ దగ్గర మొదలుపెట్టండి, ఆఫీసు గదికి చివర్లో వెళ్లండి. కానుకలు ఇవ్వాలనిపిస్తే అందరికీ ఒకేలాంటివి, చిన్నవి ఇవ్వండి. మీకిష్టమైన ఒక్క పిల్లకే ఇస్తే మిగతావాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. డబ్బు మాత్రం వద్దు.

ఐదోది: నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి

ఫోన్ నంబర్ ఇవ్వాలా? పిల్లలకైతే సంస్థ నియమం కనుక్కోకుండా ఇవ్వకండి. "రోజూ ఫోన్ చేస్తా" అనకండి, రెండో వారానికే కుదరదు. "నెల తర్వాత అందరికీ కలిపి ఒక ఉత్తరం రాస్తాను" అనండి. అది చేయగలరు. మళ్లీ వచ్చే ఆలోచన లేకపోతే "వస్తానో లేదో తెలియదు" అని సూటిగానే చెప్పండి. నా రెండో ఏడాదిలో అలాగే చెప్పాను. ఒకడు అలిగాడు, కానీ ఇంకెవరూ "ఎప్పుడు?" అని అడగలేదు. ఫోటోలు తీసుకుంటే దాచుకోండి. పిల్లల మొహాలు సోషల్ మీడియాలో పెట్టకండి.

ఇక చివరి రోజు

1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఒకసారి 14 డిగ్రీల చన్నీళ్లలో 60 సెకన్లు చెయ్యి ముంచమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లయ్యాక, నీళ్లను నెమ్మదిగా 15 డిగ్రీలకు తెస్తూ మరో 30 సెకన్లు ఉంచమన్నారు. ఈ రెండింటిలో ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది పొడవాటిదే ఎంచుకున్నారు. మొత్తం బాధ ఎక్కువైనా చివర కాస్త తేలికగా ఉంది కదా! ఎలా ముగిసిందన్నదే మనసులో ఎక్కువగా నిలుస్తుంది. అందుకే ప్యాకింగ్, టికెట్ల టెన్షన్ ముందు రోజే ముగించుకోండి. చివరి రోజు మామూలు రోజులాగే నడవనివ్వండి, అదే పాఠం, అదే ఆట. పిల్లలు నిద్రపోతుండగా దొంగతనంగా జారుకోవద్దు, అది అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఏడుపొస్తే ఏడవండి, కానీ వాళ్లే మిమ్మల్ని ఓదార్చాల్సిన పరిస్థితి తేకండి.

కాగితాల సంగతి

సర్టిఫికెట్, రిపోర్టు, సిఫారసు ఉత్తరం బయలుదేరకముందే అడగండి, తర్వాత తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి. పెద్ద కార్యక్రమాల్లో ఈ ముగింపు ముందే నిర్ణయించి ఉంటుంది. జర్మనీలో 1964లో చట్టం ద్వారా ఏర్పడిన "స్వచ్ఛంద సామాజిక సంవత్సరం" అనే యువత సేవా కార్యక్రమంలో, 12 నెలలకు కనీసం 25 రోజులు సెమినార్లు ఉంటాయి, వాటిలో ముగింపు సెమినార్ ఒకటి. అలాంటి ఏర్పాటు లేని చోట కోఆర్డినేటర్‌తో ఒక గంట కూర్చుని ఏది బాగుంది, ఏది బాగోలేదు అని మాట్లాడుకోండి. మొహమాటం లేకుండా చెప్పండి, మీ తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

ఇంటికి చేరాక కొన్ని వారాలు మనసు కుదురుగా ఉండదు. ఇంట్లోవాళ్లు రెండు రోజులు కథలు వింటారు, మూడో రోజు టీవీ పెట్టేస్తారు. వాళ్లను తప్పుపట్టకండి. అదే పని చేసి వచ్చిన వాలంటీర్ ఒకరి నంబర్ ముందే దగ్గర పెట్టుకుంటే, ఎంతసేపైనా వినేవాళ్లు ఒకరుంటారు.

రాస్తానన్న ఉత్తరం తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి. అందులో పిల్లల పేర్లన్నీ రాయండి. ఒక్కరి పేరు పోయినా చదివి వినిపించేటప్పుడు తెలిసిపోతుంది.