డ్రాఫ్టులో మన వంతు వచ్చినప్పుడు ఎవరిని ఎంచుకోవాలి?

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి చోట్ల వేసవి సెలవుల్లో నాలుగు జట్లతో బాస్కెట్‌బాల్ లీగు నడపదలచినవారు, స్నేహాలను బట్టి జట్లు కట్టకుండా డ్రాఫ్టు, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి, పెట్టుకోవడం మేలు. అయితే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోనక్కరలేదు. అక్కడ ప్లేఆఫ్స్‌కు (నాకౌట్ దశకు) చేరని జట్లలో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చడానికి లాటరీ తీస్తారు. ముందు వంతు కోసం కావాలని ఓడే ధోరణిని అరికట్టడానికి, అట్టడుగు మూడు జట్లకూ మొదటి పిక్ (ఎంపిక) దక్కే అవకాశాన్ని 2019లో 14 శాతం చొప్పున సమానం చేశారు. మనకు నిరుటి పాయింట్ల పట్టిక ఉండదు కనుక చీటీలు వేసి వరస తేల్చి, రెండో రౌండులో ఆ వరసను తిరగవేస్తే చాలు. చివరి చీటీ వచ్చిన జట్టుకు 4, 5 పిక్‌లు వెంటవెంటనే వస్తాయి. మళ్లీ 12 దాకా వంతు రాదు. కాబట్టి ఆ జట్టు ఎప్పుడూ ఇద్దరేసి చొప్పున ఆలోచించుకోవాలి.

వంతు రాకముందే ఆటగాళ్లను ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులుగా కాక, ఇంచుమించు సమానమైనవారిని ఒక శ్రేణిలో చేర్చి రాసుకోవాలి. ఒకే శ్రేణిలో ఉన్నవారి మధ్య మన జట్టు అవసరాన్ని చూడవచ్చు గానీ, అవసరం పేరుతో పై శ్రేణివాడిని వదిలి కింది శ్రేణివాడిని తీసుకోకూడదు. 1984లో ఎన్‌బీఏ జట్టు పోర్ట్‌లాండ్ చేసింది అదే. జోర్డాన్ ఆడే స్థానంలోనే అంతకుముందు ఏడే తీసుకున్న క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు కదా అని, రెండో పిక్‌తో సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) శామ్ బౌవీని తీసుకుంది. మూడో పిక్‌తో మైకేల్ జోర్డాన్ షికాగోకు వెళ్లాడు. సెంటర్‌ను కోరుకోవడం తప్పు కాదని నా అభిప్రాయం; మొదటి పిక్‌తో హ్యూస్టన్ తీసుకున్న హకీమ్ ఒలాజువాన్ కూడా సెంటరే. కాలి గాయంతో కళాశాలలోనే రెండు సీజన్లు ఆడలేకపోయినవాడి మీద అంత విలువైన పిక్ పెట్టడమే అసలు పొరపాటు. మన లీగులోనూ మోకాలు, చీలమండ గాయాల సంగతి నేరుగా అడగడానికి మొహమాటపడకూడదు. సిమెంటు కోర్టు ఎవరినీ కనికరించదు.

ట్రయల్ మ్యాచ్‌లో బంతిని కాక మనిషిని చూడాలి. షాట్ తప్పిన మరుక్షణం అతని మొదటి అడుగు వెనక్కి, డిఫెన్స్ వైపు పడుతుందా, లేక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడా? గార్డును (బంతిని ముందుకు నడిపే ఆటగాడిని) కుడివైపు అడ్డగిస్తే ఎడమచేత్తో డ్రిబుల్ చేస్తూ తల ఎత్తి చూడగలడా? సాయంత్రం గాలికి బయటి కోర్టులో దూరపు షాట్లు అటూ ఇటూ అవుతాయి కనుక, వాటికంటే ఎవరూ అడ్డుపడకుండా వేసే ఫ్రీ త్రోలనే ఎక్కువ నమ్మాలి. పొడవు చూసి మురిసిపోకూడదు: 2015లో డల్లాస్ 52వ పిక్‌తో తీసుకున్న మన సత్నామ్ సింగ్ ఏడడుగులు దాటినవాడే అయినా, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ముందు ముందు రాణిస్తాడన్న ఆశతో కుర్రవాడిని తీసుకోవడం ఎన్‌బీఏకు చెల్లుతుంది. 2013లో 15వ పిక్‌గా మిల్వాకీ తీసుకున్న యానిస్ ఆంటెటొకుంపో మేటి ఆటగాడిగా ఎదగడానికి ఏళ్లు పట్టింది. నెల రోజుల లీగుకు అంత వ్యవధి లేదు. అందుకే చివరి రెండు వంతుల్లో ప్రతి మ్యాచ్‌కూ రాగలవాడినే తీసుకోవాలి. ఒంగోలులో రాత్రి మ్యాచ్‌లు పెట్టుకుంటే, కనిగిరి కుర్రవాడికి ఆట ముగిశాక తిరుగు బస్సు ఉందో లేదో పేరు ప్రకటించకముందే కనుక్కోవాలి.