చెరువు పనిలో ఎండకి పడిపోకుండా

చీపురుపల్లి వైపు ఉపాధి పనిలో నేను జట్టు పని చూసే మేటుని. వేసవిలో మా జట్టుకి చెప్పేవే రాస్తున్నాను.

తెల్లారగానే పని మొదలెట్టి, పదిన్నరకల్లా పలుగూ పారా దించేయండి. ఖాళీ కడుపుతో రావద్దు. ఉప్పేసిన చోడి (రాగి) అంబలి తాగి రండి. దాహం కోసం చూడకుండా 20 నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగాలి. ఆడవాళ్లు చాటు లేదని నీళ్లు మానేస్తారు. నాకు అన్నిటికంటే అదే భయం. గట్టు వెనక నాలుగు కర్రలు పాతి, పాత చీర కట్టించండమ్మా. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం వేస్తే పాళ్లు తప్పుతాయి. కొత్తవాళ్లకి మొదటి వారం సగం తట్టే ఎత్తండి.

గాలిలో తేమ ఎక్కువున్న రోజు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆరోజు ఇంకా బేగి ఆపేయండి.

మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేయండి. ఈలోగా నీడకి మోసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ తువ్వాలుతో విసరండి. మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.