బోటు మోటారు గేర్‌కేస్: ఆయిల్ మార్చి, రంగు వేసుకోవడం ఎలా?

విజయవాడ ప్రకాశం బ్యారేజీ పైన కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బోటు నడపడం ఎంత హాయో, ఇసుక తిన్నెలు తేలాక అంత తలనొప్పి. ఔట్‌బోర్డ్ మోటారులో నీళ్లలో మునిగి ఉండే కింది భాగాన్ని గేర్‌కేస్ అంటారు. ప్రొపెల్లర్ తిప్పే పళ్లచక్రాలు అందులోనే ఉంటాయి. ఎంత జాగ్రత్తగా నడిపినా అది ఎక్కడో ఒకచోట తిన్నెను గీరుకుంటుంది. రంగు లేస్తుంది, అడుగున ఉన్న స్కెగ్ రెక్క తెల్లగా మెరుస్తూ కనపడుతుంది. చూడగానే ఎవరికైనా రంగు డబ్బా కొనాలనిపిస్తుంది. కొనండి, కానీ ముందు లోపలి ఆయిల్ చూడండి. నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలు కారుతున్న గేర్‌కేస్‌కు రంగు వేయడమంటే చెదపట్టిన తలుపుకు వార్నిష్ కొట్టడమే. వారం తిరక్కుండా దాన్ని విప్పాల్సి వస్తుంది, వేసిన రంగంతా స్పానర్ల కింద పోతుంది.

రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోవద్దని నా సలహా. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరదొస్తే బోట్లు ఎలాగూ ఒడ్డుకే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను గుద్దిన సంగతి అందరికీ గుర్తే. అలా మోటారు విప్పి ఇంట్లో పెట్టుకున్న రోజుల్లో ఆయిల్ పని చేసుకోవచ్చు. రంగు మాత్రం వానల్లో వద్దు, గాలిలో తేమ రంగు మెరుపును తినేస్తుంది. మేలో అసలే వద్దు. మన ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, ఆ ఎండకు స్ప్రే గన్‌లోంచి బయటికొచ్చిన రంగు రేకును తాకేలోపే ఆరిపోయి గరుగ్గా పడుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా, మంచు ఆరిపోయాక, పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య మంచి సమయం.

ఆయిల్ తీయడం

గేర్ ఆయిల్‌ను సాధారణంగా 100 గంటలకు ఒకసారి, అన్ని గంటలు తిరక్కపోయినా ఏడాదికి ఒకసారి మార్చాలి. కొత్త మోటారుకు మొదటిసారి ఇంకా ముందే మార్చాలి, ఎన్ని గంటలకో మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ముందు రోజు సాయంత్రమే మోటారును స్టాండుకు నిటారుగా బిగించి వదిలేయండి. లోపలికి నీళ్లు చేరి ఉంటే తెల్లారేసరికి కొంతైనా అడుగుకు దిగుతాయి. పొద్దున మోటారును ఆపే కిల్ స్విచ్ తాడు తీసేసి, స్పార్క్ ప్లగ్గు క్యాపులు ఊడదీసి, ఆ తర్వాతే ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టండి.

గేర్‌కేస్ పక్కన రెండు స్క్రూలుంటాయి. కిందిది ఆయిల్ దిగడానికి, పైది గాలికీ మట్టం చూడటానికీ. కింద బేసిన్ పెట్టి ముందు కింది స్క్రూ తీయండి, అప్పుడు ఆయిల్ బొట్లుబొట్లుగా వస్తుంది. మొదట వచ్చే ఆ బొట్లనే జాగ్రత్తగా చూడాలి. అవి నీళ్లయితే సీలు పోయినట్టే. తర్వాత పై స్క్రూ తీస్తే గాలి ఆడి ఆయిల్ ధారగా దిగుతుంది. కొన్ని పాత మోటార్లలో కింది స్క్రూకి దగ్గర్లోనే ప్లస్ గుర్తు తలతో ఇంకో స్క్రూ ఉంటుంది. అది గేరు మార్చే లింకును పట్టి ఉంచేది. పొరపాటున దాన్ని తీశారంటే లోపలి లింకు జారిపోయి, మొత్తం విప్పితేగాని సరికాదు. ఏది ఏ స్క్రూనో మాన్యువల్ బొమ్మలో చూసుకున్నాకే చెయ్యి వేయండి.

దిగిన ఆయిల్ రంగు చూడండి. నల్లబడితే భయం లేదు, వాడిన ఆయిల్ అలాగే ఉంటుంది. పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు కలిశాయి. స్క్రూ కొనకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న మెత్తటి ఇనప పొడి మామూలే. గోటికి తగిలేంత ముక్కలుంటే మాత్రం పళ్లచక్రాలో బేరింగో విరుగుతున్నాయి, అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

నీళ్లు ఎక్కడి నుంచి?

మన దగ్గర నేను ఎక్కువగా చూసిన కారణం నైలాన్ వల పోగు. ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగే కొద్దీ బిగుసుకుంటూ సీలును కోసేస్తుంది. గుర్రపు డెక్క వేళ్లు బయట చుట్టుకుని కనపడతాయి కాబట్టి పీకేస్తాం, వల పోగు కనపడదు. అందుకే ఆయిల్ మార్చినప్పుడల్లా ప్రొపెల్లర్ విప్పాలి. ప్రొపెల్లర్ రెక్కకీ, దాని పైన గేర్‌కేస్‌కు అడ్డంగా ఉండే పై పలకకీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు తిప్పండి. వచ్చిన వాషర్లను వచ్చిన వరసలోనే పేపరు మీద పరవండి, ఫోన్‌తో ఒక ఫొటో కూడా తీసుకోండి. షాఫ్టు తుడిచి, పళ్లకు మెరైన్ గ్రీజు రాసి, కొత్త స్ప్లిట్ పిన్నుతో బిగించండి.

రెండో కారణం పాత వాషర్లు. ఆ రెండు స్క్రూల కింద ఉండే చిన్న వాషర్లను ప్రతిసారీ మార్చాలి. ఒకసారి నేను ఒక షాపులో ఆయిల్ మార్పించుకుంటే పాత వాషరే మళ్లీ వేసి పంపారు. నెలకే ఆయిల్ టీ రంగుకొచ్చింది. సీలు పోయిందని నేనొకటే టెన్షన్. మా బాబాయి వచ్చి స్క్రూ తీసి చూసి, "ఒరేయ్ అబ్బాయ్, నీ సీలుకేం కాలేదురా, ఈ అప్పడాన్ని ముందు మార్చు" అన్నాడు. నిజంగానే అప్పడంలా నొక్కుకుపోయి ఉంది. వాషర్ మార్చాక మళ్లీ ఆ బాధ లేదు.

వాషర్లు కొత్తవైనా నీళ్లొస్తుంటే గేర్‌కేస్‌కు గాలి పట్టించి ప్రెషర్ టెస్ట్ చేయించాలి. ఎంత ప్రెషర్ అన్నది మాన్యువల్ చెప్పినంతే, టైరుకు కొట్టినట్టు కొడితే బాగున్న సీళ్లు కూడా ఊడతాయి.

నింపడం కింది నుంచే

పై రంధ్రంలోంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది, నిండినట్టు కనపడుతుంది గాని నిండదు. గేర్ ఆయిల్ పంపును కింది రంధ్రానికి బిగించి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ పొర్లేదాకా నిదానంగా ఎక్కించండి. అప్పుడు ముందు పై స్క్రూ బిగించాలి. ఆ తర్వాత పంపు తీసి చప్పున కింది స్క్రూ పెట్టేయాలి. పైన మూసి ఉంటే ఈ లోపు కారేది కొద్ది చుక్కలే. ఈ వరస తప్పితే ఆయిలంతా మీ చెప్పుల మీదకొస్తుంది. కాసేపాగి పై స్క్రూ మళ్లీ తీసి మట్టం సరిచూసుకోండి.

ఆయిల్ మెరైన్ గేర్ ఆయిలే వాడండి, గ్రేడ్ మాన్యువల్‌లో ఉన్నదే. ఇంజిన్ ఆయిల్ పనికిరాదు. పంపు కొనేటప్పుడు మీ స్క్రూను జేబులో వేసుకెళ్లండి, మర ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. కృష్ణలో పోయకండి, బెజవాడ కుళాయిల్లో వచ్చేది ఆ నీళ్లే.

రంగు, యూజ్ అండ్ త్రో కప్పు

ఆటోనగర్‌లో కార్లకు రంగు వేసే షెడ్లలో మీరు చూసే ఉంటారు, స్ప్రే గన్ మీద ఇనప కప్పు బదులు మెత్తటి ప్లాస్టిక్ సంచి ఉన్న కప్పు. గట్టి బయటి కప్పు, లోపల పారేసే లైనర్, జల్లెడ ఉన్న మూత, ఇంతే సరంజామా. రంగు ఖాళీ అయ్యే కొద్దీ లైనర్ ముడుచుకుపోతుంది, గాలి రంధ్రం అక్కర్లేదు. అందుకే గన్‌ను తలకిందులుగా పట్టుకున్నా రంగు వస్తూనే ఉంటుంది. గేర్‌కేస్‌కు ఇది ఎందుకంత ఉపయోగమంటే, పై పలక అడుగు భాగానికి రంగు పట్టాలంటే కింది నుంచి పైకి కొట్టక తప్పదు. మామూలు కప్పయితే అక్కడ గన్ కక్కుతుంది.

ఇలాంటి కప్పుల్లో త్రీఎం కంపెనీ పీపీఎస్ రకంలో 200, 400, 650, 850 మిల్లీలీటర్లవి ఉన్నాయి. ఒక గేర్‌కేస్‌కు నాకు 200ది సరిపోయింది. మూత జల్లెడ 125 మైక్రాన్లది పై రంగుకు, 200 మైక్రాన్లది చిక్కటి ప్రైమర్‌కు తీసుకోండి. మీ గన్ మరకు సరిపడే అడాప్టర్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి. ఎక్కువమంది మర్చిపోయి మళ్లీ షాపుకు వెళ్లేది దీనికోసమే.

ముందు గేర్‌కేస్‌ను సబ్బుతో కడిగి, ఆరాక గ్రీజు పోయే థిన్నర్‌తో తుడవండి. తుడవకుండా సాండ్‌పేపర్ పడితే జిడ్డును రేకులోకి రుద్దినట్టవుతుంది. లేచిన రంగు అంచులు 180 పేపరుతో, మిగతాదంతా 320తో రుద్ది మళ్లీ తుడవండి. నీళ్లు పీల్చే జల్లెడలు, ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్‌కేస్‌కు బదులు తామే తుప్పుకు అరిగిపోయే యానోడ్ ముక్కలకు మాస్కింగ్ టేపు వేయండి. యానోడ్ మీద రంగు పడితే అది చేసే పనే ఆగిపోతుంది, తుప్పు దాన్ని వదిలేసి గేర్‌కేస్‌ను తింటుంది. బోటు అడుగుకు వేసే రాగి కలిసిన నాచు మందు రంగులు కూడా ఈ అల్యూమినియం మీద వద్దు.

బయటపడ్డ అల్యూమినియం మీద ఎపాక్సీ ప్రైమర్ అదే రోజు వేసేయాలి. అది ఆరాక రెండు డబ్బాల పాలియురేథేన్ రంగు. కలిపే పాళ్లు డబ్బా మీద చూసి, కొలిచి, లైనర్‌లో పోయండి. మూత నొక్కి, రింగు బిగించి, గన్‌ను మూత మీద బోర్లించి తిప్పి లాక్ చేయండి. తర్వాత కప్పు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే లోపలి గాలి పోతుంది. పలచగా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య డబ్బా చెప్పినంత విరామం. ఒకేసారి దట్టంగా కొడితే స్కెగ్ అంచున చుక్కలు వేలాడతాయి.

హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ముక్కుకు కట్టుకునే గుడ్డ, కరోనా నాటి మాస్కు దీనికి ఎందుకూ పనికిరావు. కనీసం ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి, ధూళి ఫిల్టరు రెండూ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకుని ఆరుబయట చేయండి. మూసిన గదిలో అయితే గాలి గొట్టం మాస్కు ఉన్న పెయింటర్‌కే అప్పగించండి.

పని కాగానే గన్‌ను తలకిందులు చేసి ట్రిగ్గర్ నొక్కితే గన్‌లో ఉన్న రంగు కప్పులోకి జారుతుంది. అప్పుడు కప్పు తీయండి. ఇక కడగాల్సింది గన్ ఒక్కటే, థిన్నర్ కొంచెం చాలు. హార్డెనర్ కలిసిన రంగును మూత పెట్టి దాచుకుందామనుకోకండి, గడ్డకడుతుంది. గట్టిపడ్డాక లైనర్‌తో సహా పారేయడమే.

రంగు ఎండటానికి డబ్బా చెప్పినన్ని రోజులూ ఇచ్చి, టేపు తీసేసి, బోటు దించండి. మొదటి ట్రిప్పు అయ్యాక మోటారు ఎత్తి, కింది స్క్రూ చుట్టూ వేలితో తడిమి చూడండి. వేలికి ఆయిల్ అంటితే వాషర్ సరిగ్గా కూర్చోలేదు, మళ్లీ కొత్తది వేయాలి.