మయోర్కా కొండల్లో ఐదు రోజుల సైకిల్ యాత్ర ఎలా చేయాలి?

స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవి మధ్యధరా సముద్రంలో ఉంది. దాని వాయవ్యపు అంచు పొడవునా సాగే కొండల వరస పేరు సెర్రా దె త్రముంతానా. త్రముంతానా అంటే అక్కడ వీచే ఉత్తరపు గాలి. వీటిలో అన్నిటికన్నా ఎత్తైన పూచ్ మయోర్ 1,445 మీటర్లు. అంకె చూస్తే మన అరకు చుట్టుపక్కల కొండలకన్నా గొప్పేం కాదు. కానీ ఈ కొండలు సముద్రంలోంచి నేరుగా పైకి లేస్తాయి. వాలు నిండా రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల పొలాలు, వాటిలో ఆలివ్ చెట్లు. సున్నం, సిమెంటు లేకుండా కట్టిన ఆ గోడలు, నీటి కాలవలతో కలిపి ఈ ప్రాంతాన్ని యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండల మీదుగా వెళ్ళే రోడ్డు ఎంఏ-10. పడమటి కొసన ఆంద్రాచ్ నుంచి ఈశాన్యాన పొయెన్సా వరకు దాదాపు 110 కిలోమీటర్లు. గట్టి రైడర్లు ఒక్క రోజులో కొట్టేస్తారు. సామానుతో వెళ్ళే మామూలు మనిషికి ఐదు రోజులు పెట్టుకోమంటాను. దూరం చూసి ఎక్కువనిపిస్తుంది కానీ, ఇక్కడ లెక్క కిలోమీటర్లతో కాదు, ఎక్కిన మీటర్లతో వేసుకోవాలి.

ముందుగా నెల చూసుకోండి

మార్చి నుంచి మే దాకా, లేదంటే సెప్టెంబరు చివర, అక్టోబరు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నపు ఎండకి కొండరాయి కాలిపోతుంటుంది, రోడ్డు నిండా అద్దె కార్లు. మనకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ బీమాలో సైకిల్ ప్రమాదం కవర్ అవుతుందో లేదో చూసి మరీ తీసుకోండి.

సైకిల్ ఎంపిక

ఇంటి నుంచి మోసుకెళ్ళక్కర్లేదు. మయోర్కా సైకిలిస్టుల పుట్టిల్లులాంటిది, అద్దె షాపులు బోలెడు. అక్కడ తేలికైన కార్బన్ ఫైబర్ రేసు సైకిళ్ళు మెరుస్తూ కనబడతాయి, వాటి జోలికి పోకండి. సామాను కట్టడానికి క్యారియర్ ఉన్నది కావాలని ముందే చెప్పి బుక్ చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం గేర్లు. ముందున్న చిన్న చక్రానికి 34 పళ్ళుంటే వెనక పెద్ద చక్రానికి కూడా 34 ఉండాలి, అంతకన్నా ఎక్కువున్నా మంచిదే. అప్పుడే కూర్చునే ఎక్కగలరు.

ఇక బ్రేకులు. మన దగ్గర కుడిచేతి బ్రేక్ ముందు చక్రానికి ఉంటుంది. అక్కడ మామూలుగా ఎడమచేతిది ముందు చక్రానికి. ఈ సంగతి నాకు తెలుసు, షాపువాళ్ళు చెప్పారు కూడా. అయినా మొదటి రోజు ఒక మేక అడ్డం రాగానే ఎడమచెయ్యి అలవాటుగా గట్టిగా నొక్కేసింది. వెనక చక్రం గాల్లోకి లేచింది. మేక నిలబడి నావైపు చూసింది, నేను మోచేతి మీద పడ్డాను. అందుకే కొండ ఎక్కేముందు ఖాళీ స్థలంలో అరగంట తిరిగి, ఆపడం ప్రాక్టీస్ చేయండి. వీలైతే కేబుళ్ళు మార్చి ఇమ్మని షాపులోనే అడగండి.

రోడ్డు రూల్స్

బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. ఊళ్ళు దాటాక హెల్మెట్ తప్పనిసరి. సొరంగాలున్నాయి కాబట్టి ముందూ వెనకా లైట్లు ఉండాల్సిందే. సైకిల్‌ని దాటేటప్పుడు కార్లు కనీసం ఒకటిన్నర మీటరు దూరం ఇవ్వాలని అక్కడి చట్టం, చాలామంది పాటిస్తారు కూడా. అత్యవసరమైతే 112.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?

ఆంద్రాచ్ నుంచి బయల్దేరితే సముద్రం ఎడమవైపు వస్తుంది. మీరు కుడివైపు, అంటే కొండ పక్కన తొక్కుతారు. లోయ అంచు అంటే టెన్షన్ ఉన్నవాళ్ళకి ఇదే నయం. పొయెన్సా నుంచి ఇటు వస్తే సముద్రం మీ పక్కనే ఉంటుంది, దృశ్యాలు బాగుంటాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు ఆంద్రాచ్‌కే.

మొదటి రోజు దీవి ముఖ్యపట్టణం పాల్మా నుంచి ఆంద్రాచ్ మీదుగా బన్యాల్‌బుఫార్, 60 కిలోమీటర్ల లోపు. ఆంద్రాచ్ దాటాక చదును రోడ్డు మరచిపోండి. పెద్ద ఘాట్ ఏదీ ఉండదు కానీ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. బన్యాల్‌బుఫార్ దగ్గర మెట్ల పొలాలు సముద్రం దాకా దిగుతాయి. ఊరికి కాస్త ముందే, కొండ అంచున 16వ శతాబ్దపు కావలి బురుజు ఉంది. సముద్రపు దొంగల్ని కనిపెట్టడానికి కట్టింది. సైకిల్ దిగి చూడాల్సిన చోటు.

రెండో రోజు వాల్దెమోసా, దెయా మీదుగా సోయెర్, 40 కిలోమీటర్లు కూడా ఉండదు. వాల్దెమోసా మఠంలో సంగీతకారుడు షోపాన్ 1838-39 చలికాలం గడిపాడు. సోయెర్ నారింజ తోటల ఊరు. పాల్మా నుంచి అక్కడికి 1912లో మొదలైన చెక్క పెట్టెల రైలు ఇప్పటికీ నడుస్తోంది. పాల్మా, సోయెర్‌ల మధ్య కొండ కింద పెద్ద సొరంగం ఉంది, అందులోకి సైకిళ్ళని రానివ్వరు. ఫోన్‌లో మ్యాప్‌ని కారు మోడ్‌లో పెడితే అటే తీసుకెళ్తుంది, చూసుకోండి.

అన్నట్టు ఊళ్ళ పేర్లు. బోర్డు మీద రెండు ఎల్‌లు పక్కపక్కన కనిపిస్తే దాదాపు ‘య’లా పలకండి. సోయెర్, పొయెన్సా, మయోర్కా అన్నీ అలాంటివే. దారి అడిగేటప్పుడు పనికొస్తుంది.

మూడో రోజు అసలు ఎక్కడం. సోయెర్ నుంచి పూచ్ మయోర్ పక్కన సొరంగం దాకా దాదాపు 14 కిలోమీటర్లు, 850 మీటర్ల ఎత్తుకి. సగటున 6 శాతం వాలు, అంటే ప్రతి 100 మీటర్లకి 6 మీటర్లు పైకి. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో తొక్కినా ఆగడాలు కలుపుకుని రెండు గంటలు దాటుతుంది. మొదటి అరగంట మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కండి. నీళ్ళ సీసాలు సోయెర్‌లోనే నింపుకోండి. సొరంగం దాటగానే కూబెర్, గోర్గ్ బ్లావ్ జలాశయాలు వస్తాయి. తర్వాత యుక్ మఠం, అక్కడ గదులిస్తారు. రెండు రాత్రులకి బుక్ చేయండి. ఎందుకో చెప్తాను.

నాలుగో రోజు సా కలోబ్రా

మామూలు ఘాట్‌లో ముందు ఎక్కుతాం, తర్వాత హాయిగా దిగుతాం. సా కలోబ్రా తిరగేసిన ఘాట్. ఎంఏ-10 నుంచి కొంచెం ఎక్కి, 682 మీటర్ల దగ్గర కనుమ దాటి, సముద్రం దాకా దిగిపోతారు. తిరిగి రావడానికి అదే రోడ్డు, వేరే దారి లేదు. దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, సగటున 7 శాతం, 26 హెయిర్‌పిన్ మలుపులు. దిగేటప్పుడు ఈల వేసుకుంటూ పోయేవాళ్ళు పైకి వచ్చేటప్పుడు తోసుకుంటూ రావడం మామూలే. అందుకే సామాను యుక్‌లో గదిలోనే వదిలేయండి.

1930ల మొదట్లో ఇంజనీర్ ఆంతోనియో పరియెత్తి వేసిన రోడ్డిది. పైన ఒకచోట రోడ్డు 270 డిగ్రీలు చుట్టు తిరిగి తన కిందే తాను దూరిపోతుంది. దాన్ని టై ముడి అంటారు.

టూరిస్టు బస్సులు రాకముందే, పొద్దున్నే దిగండి. ఇరుకు మలుపులో బస్సు ఎదురైతే సైకిల్‌కి మిగిలే చోటు తక్కువ. బ్రేకులు పట్టే ఉంచకండి. మలుపుకి ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. నొక్కే ఉంచితే రిమ్ వేడెక్కుతుంది. కింద పది నిమిషాలు నడిస్తే తొరెంట్ దె పరెయిస్ వాగు రెండు కొండల మధ్యనుంచి సముద్రంలో కలిసే చోటు. చూసి, కాఫీ తాగి, కడుపు నిండా కాకుండా సగం తిని పైకి బయల్దేరండి.

తిండి

శాకాహారులకి ఒక హెచ్చరిక. అక్కడి ప్రసిద్ధ తీపి రొట్టె ఎన్‌సైమాదా పంది కొవ్వుతో చేస్తారు, పేరులోని ‘సైమ్’ అంటే అదే. రొట్టె మీద టొమాటో రుద్ది ఆలివ్ నూనె పోసిన పా అంబ్ ఓలి అడగండి, పైన మాంసం వద్దని చెప్పి. మధ్యాహ్నం భోజనం వేళ దాటితే చాలా వంటగదులు రాత్రి దాకా తెరవరు. ఆ గ్యాప్‌కి నా సంచిలో ఎప్పుడూ పల్లీ చిక్కీ ఉంటుంది. ఎండకి కరగదు, జేబులో పొడైనా రుచి పోదు.

ఐదో రోజు, తిరుగు ప్రయాణం

యుక్ నుంచి పొయెన్సా దాకా దాదాపు 20 కిలోమీటర్లు, ఎక్కువ దిగుడే. ఓపికుంటే పొయెన్సా రేవు నుంచి ఫోర్మెంతోర్ లైట్‌హౌస్‌కి వెళ్ళిరండి, ఒకవైపు సుమారు 20 కిలోమీటర్లు. ఆ రోడ్డూ పరియెత్తిదే. గాలి గట్టిగా ఉంటే మానుకోండి, కొండ అంచున గాలి పక్కనుంచి కొడుతుంది. రాత్రికి పొయెన్సాలోనే ఉండి, మర్నాడు చదును పొలాల మధ్యగా ఇంకా అనే ఊరికి వెళ్తే పాల్మాకి రైలు దొరుకుతుంది. (ఊరి పేరే ‘ఇంకా’. అలసిపోయినప్పుడు బోర్డు మీద చూస్తే నవ్వు రాదు.) రైల్లో సైకిల్ ఏ పెట్టెలో ఎక్కించాలో స్టేషన్‌లో అడిగాకే టికెట్ తీసుకోండి.