లు అయితే వద్దు, ల అయితే కావాలి: ఇంగ్లీషు బోర్డు మీద అపాస్ట్రఫీ

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోనో, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరో, కడప ఏడురోడ్ల కూడలిలోనో కాసేపు నిలబడి ఇంగ్లీషు బోర్డులు చదవండి. "మీల్’స్ రెడీ", "దోస’స్", "శారీ’స్", "ఫోటో’స్". చివర్లో ఎస్ కనిపిస్తే చాలు, దాని ముందు పైన ఒక కామా, అదే అపాస్ట్రఫీ, పడిపోతుంది. అది నిజంగా అవసరమైన బాయ్స్ హాస్టల్ బోర్డు మీద మాత్రం ఉండదు. ఫ్లెక్సీ అంగళ్లలో టైపు చేసేవాళ్లకు, పెండ్లిపత్రికలు, లీవు లెటర్లు, రెజ్యూమేలు రాసుకునేవాళ్లకు ఈ చిక్కు రోజూ ఉండేదే.

చిక్కంతా చెవితో వస్తుంది. అబ్బాయిలు అన్నా, అబ్బాయి యొక్క అన్నా, అబ్బాయిల యొక్క అన్నా ఇంగ్లీషులో వినపడేది ఒకటే "బాయ్స్". పలకడంలో తేడా లేదు కాబట్టి రాతలో గుర్తు పెట్టి తేడా చూపిస్తారు. మన తెలుగులో ఆ తేడా నోట్లోనే ఉంది: అబ్బాయిలు, అబ్బాయి, అబ్బాయిల. కాబట్టి ఇంగ్లీషు రూల్సు బట్టీ పట్టే ముందు ఆ మాటను తెలుగులో పైకి అనుకోండి.

చివర "లు" వస్తే అది ఉత్త బహువచనం, అపాస్ట్రఫీ వద్దు. దోసెలు, చీరలు, ఫోటోలు, లారీలు అన్నీ ఇంతే: దోసాస్, శారీస్, ఫోటోస్, లారీస్. "ల" వచ్చి, వెనకాల వాళ్లదైన వస్తువు పేరు ఉంటే ఎస్ తర్వాత పెట్టాలి: అబ్బాయిల హాస్టల్ "బాయ్స్’ హాస్టల్", రైతుల సంఘం "ఫార్మర్స్’ అసోసియేషన్". "ల" లేకుండా ఒక్కరిదే అయితే ఎస్ ముందు పెట్టాలి: అబ్బాయి సైకిల్ "బాయ్’స్ సైకిల్", కలెక్టర్ గారి బంగ్లా "కలెక్టర్’స్ బంగ్లా".

రాసేటప్పుడు ఇంకో మెట్టు ఉంది. ఎవరిదో ఆ మాటను ముందు పూర్తిగా రాసేయండి, బహువచనమైతే బహువచనంగానే. ఆ తర్వాతే గుర్తు. రాసిన బహువచనం ఎస్‌తో ముగిస్తే ఒట్టి అపాస్ట్రఫీ చాలు. ముగియకపోతే అపాస్ట్రఫీ, దాని వెనక ఎస్. చిల్డ్రన్, మెన్, విమెన్ అనే మాటల్లో ఎస్ లేదు, అవి అప్పటికే బహువచనాలు. అందుకే "చిల్డ్రన్’స్ వార్డ్", "విమెన్’స్ హాస్టల్". "చిల్డ్రన్స్’" అని ఎస్ తర్వాత పెట్టడం ఎప్పుడూ తప్పే, ఎందుకంటే చిల్డ్రన్స్ అనే బహువచనమే ఇంగ్లీషులో లేదు.

ఈ "ల" పరీక్ష మూడు చోట్ల మోసం చేస్తుంది. మొదటిది సరుకు పేరు. పండ్ల అంగడి, బట్టల అంగడి, లారీల స్టాండు: వీటన్నిటిలో "ల" ఉంది, కానీ అంగడి పండ్లది కాదు కదా! అది ఏ రకం అంగడో చెబుతోందంతే. ఇంగ్లీషులో ఇలాంటి చోట ఎక్కువగా ఏకవచనం పెట్టి ఊరుకుంటారు: ఫ్రూట్ షాప్, లారీ స్టాండ్. ఎస్ కూడా అక్కర్లేదు.

రెండోది మన మర్యాద. "మా మామోళ్ల ఇల్లు" అంటాం, ఉండేది ఒక్క మామే. "సార్ వాళ్ల బండి" అంటాం, సారు ఒక్కరే. తెలుగులో "ళ్ల" వినపడింది కదా అని "అంకుల్స్’ హౌస్" రాస్తే మామలు ఇద్దరు ముగ్గురు అవుతారు. అక్కడ మనుషుల్ని లెక్కపెట్టి "అంకుల్’స్ హౌస్" అనే రాయాలి.

మూడోది కాలం. రెండు రోజుల సెలవు "టూ డేస్’ లీవ్", ఒక రోజు సెలవు "వన్ డే’స్ లీవ్", పదేళ్ల అనుభవం "టెన్ ఇయర్స్’ ఎక్స్‌పీరియెన్స్". ఇక్కడిదాకా పరీక్ష బాగానే పనిచేస్తుంది. కానీ పదేళ్ల అబ్బాయి దగ్గర తప్పుతుంది. "ఎ టెన్-ఇయర్-ఓల్డ్ బాయ్" అని చిన్న గీతలతో కలిపి, ఇయర్‌ను ఏకవచనంలో రాయాలి, అపాస్ట్రఫీ ఉండదు. లీవు లెటర్లో అనుమానం తీరకపోతే "లీవ్ ఫర్ టూ డేస్" అని తిప్పి రాయండి. తప్పు పట్టే సందే ఉండదు.

మళ్లీ "మీల్’స్ రెడీ" దగ్గరికి వద్దాం. అపాస్ట్రఫీకి ఉన్న ఇంకో పని, అసలు మొదటి పని, అక్షరం ఎగిరిపోయిందని చూపించడం. ఈజ్‌లో ఐ ఎగిరిపోతే మిగిలేది ’స్. ఆ లెక్కన ఆ బోర్డుకు "భోజనం సిద్ధంగా ఉంది" అనే అర్థం వస్తుంది, అంటే పొరపాటున సరైపోయిన తప్పు అది. పక్కనే "టిఫిన్’స్" అని ఉంటే మాత్రం కాపాడేవాళ్లు లేరు. ఇంగ్లండులోనూ ఈ జబ్బు ఉంది. అక్కడ దీన్ని కూరగాయల వ్యాపారి అపాస్ట్రఫీ అంటారు, అరటిపండ్ల ధర పలక మీద "బనానా’స్" అని రాస్తారని. అచ్చుతో ముగిసే మాటల దగ్గరే ఈ తప్పు ఎక్కువ. ఫోటో, దోస, ఇడ్లీ లాంటి మాటలకు ఒట్టి ఎస్ తగిలిస్తే చూడ్డానికి ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. ఏమీ తక్కువ కాలేదు.

దాని, అది అనే గొడవ కూడా ఇక్కడిదే. "ఇట్స్" అపాస్ట్రఫీ లేకుంటే దాని, ఉంటే అది లేక ఇది ఫలానా అని. కర్నూలు దాని బురుజుకు పేరుపొందింది అనాలంటే గుర్తు వద్దు. అది ఊరి నడుమ ఉంది అనాలంటే "ఇట్’స్". ఇదే కొలత మిగతావాటికీ: ఎవరిది అయితే గుర్తు లేని హూజ్, ఎవరు అయితే "హూ’స్". మీ అయితే యువర్, మీరు అయితే "యు’ర్". అవర్స్, హర్స్, దెయిర్స్‌కు ఎప్పుడూ పెట్టకూడదు.

పొట్టి పేర్లు, సంవత్సరాలు: ఏటీఎమ్స్, ఎమ్మెల్యేస్, 1990స్. దేనికీ అపాస్ట్రఫీ వద్దు. ఒంటి అక్షరానికి మాత్రం, పరీక్షలో రెండు ఏ గ్రేడ్లు వచ్చాయని చెప్పేటప్పుడు "ఏ’స్" అని పెట్టడం ఒప్పే. లేకుంటే యాజ్ అనే వేరే మాటలా కనిపిస్తుంది.

పేర్ల దగ్గర కాస్త నిదానించాలి. శ్రీనివాస్, యూనస్, దాస్ లాంటి పేర్లకు "శ్రీనివాస్’స్ షాప్" అని రాసేవాళ్లున్నారు, "శ్రీనివాస్’ షాప్" అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ చెల్లుతాయి. పలికేటప్పుడు శ్రీనివాసెస్ అని వస్తుంది కాబట్టి మొదటిదే మేలు. ఏది పట్టుకున్నా బోర్డు మీద ఒకటి, విజిటింగ్ కార్డు మీద ఇంకొకటి ఉండకూడదు. పెండ్లిపత్రికలో రెడ్డి కుటుంబం మొత్తాన్ని పిలవాలంటే రెడ్డికి నేరుగా ఎస్ చేర్చాలి, చివరి వై మారదు, అపాస్ట్రఫీ రాదు. వాళ్ల ఇల్లు అనాలంటే ఆ ఎస్ తర్వాత పెట్టాలి. రెడ్డి గారి మెస్ అయితే "రెడ్డి’స్ మెస్".

రిజిస్టరైన సంస్థ పేరుకు వ్యాకరణం వర్తించదు. కాగితాల్లో ఎలా ఉంటే అలాగే దించాలి. మెక్‌డొనాల్డ్స్, డామినోస్‌కు అపాస్ట్రఫీ ఉంది, హారడ్స్‌కు లేదు, వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల కంపెనీ 2012లో తీసేసింది. లండన్ మెట్రోలో పక్కపక్క స్టేషన్లు ఎర్ల్స్ కోర్ట్, బారన్స్ కోర్ట్: మొదటిదానికి ఉంది, రెండోదానికి లేదు. మన లేడీస్ టైలర్ కూడా లెక్క ప్రకారం "లేడీస్’ టైలర్" కావాలి. కానీ ఊరూరా అలా లేకుండానే స్థిరపడిపోయింది, దాన్ని దిద్దే పని పెట్టుకోకండి.

దినోత్సవాల బ్యానర్లకు గుర్తుంచుకోవలసినవి: సెప్టెంబర్ 5 "టీచర్స్’ డే", నవంబర్ 14 "చిల్డ్రన్’స్ డే", మార్చి 8 "విమెన్’స్ డే". మదర్స్ డేలో మాత్రం ఎస్ ముందే. ఆ రోజు కోసం పోరాడిన అన్నా జార్విస్, ఎవరింట్లో వాళ్ల ఒక్క అమ్మ కోసం అని ఏకవచనమే ఉండాలని పట్టుబట్టింది.

ఇక కీబోర్డు. అపాస్ట్రఫీ ఎంటర్ బటన్ పక్కన ఉంటుంది, ఎస్కేప్ కింద ఉండే ఏటవాలు గీత కాదు. పాత తెలుగు ఫాంట్ ఎంపికై ఉండగా నొక్కితే వేరే గుర్తు పడవచ్చు, ముందు ఇంగ్లీషు ఫాంట్‌కు మారండి. గుండ్రటి అపాస్ట్రఫీ తొమ్మిది అంకెలా ఉండాలి, తోక కిందికి, ఎడమవైపుకు తిరిగి. 1990స్‌లో 19 ఎగరగొట్టి ’90స్ అని అంకెల ముందు గుర్తు పెట్టేటప్పుడు వర్డ్ దాన్ని తెరిచే కోట్ అనుకుని తలకిందులు చేస్తుంది. రెండుసార్లు నొక్కి మొదటిది చెరిపేస్తే సరిపోతుంది, లేకుంటే విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని పక్కనున్న నంబర్ ప్యాడ్‌లో 0146 కొట్టాలి. ఫ్లెక్సీలు డిజైన్ చేసే కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేశాక, అంటే అక్షరాలను బొమ్మగా మార్చాక, అక్షరం దిద్దడానికి ఉండదు. పని ఇచ్చిన పార్టీకి ప్రూఫ్ అంతకుముందే పంపించి, గుర్తు ఉన్న చోటును పెద్దది చేసి చూపించి, సరే అనిపించుకున్నాకే ప్రింటుకు వదలండి.