బీమా క్లెయిమ్ చరిత్ర - 3వ పాఠం: క్లూ రిపోర్టు చదవడం, తప్పులు దిద్దించడం

క్లూ డేటాబేస్‌ను నడిపే లెక్సిస్‌నెక్సిస్ సంస్థ నుంచి క్లూ రిపోర్టు, అంటే మీ బీమా క్లెయిముల చరిత్ర, ఎలా తెప్పించుకోవాలో గత పాఠంలో చూశాం. ఇప్పుడది ముందు పెట్టుకుని, పెన్సిల్‌తో కూర్చోండి. అమెరికాలో కారు, ఇంటి బీమా కంపెనీలు తమ దగ్గరి క్లెయిములను ఈ క్లూ డేటాబేస్‌కు పంపుతాయి. మీరు కొత్త కంపెనీకి వెళ్తే, అది గరిష్ఠంగా 7 ఏళ్ల చరిత్ర చూసి ప్రీమియం లెక్కగడుతుంది.

ముందుగా వరుసలు కాదు, ప్రమాదం జరిగిన తేదీలు లెక్కపెట్టండి. ఒకే ప్రమాదానికి మీ కారు రిపేరు కింద 4,200 డాలర్లు, అవతలి కారుకు 2,600, గాయాల కింద 0 అని మూడు వరుసలు ఉండొచ్చు. తేదీ, క్లెయిమ్ నంబరు ఒకటే అయితే క్లెయిమూ ఒక్కటే. అదే ప్రమాదం రెండు తేదీలతో కనిపిస్తే మాత్రం చుట్టూ గీత గీయండి.

సున్నా వరుసల దగ్గర చాలామంది ఆగరు. ఆగాలి. నష్టం డిడక్టిబుల్ (మీరు సొంతంగా భరించాల్సిన మొత్తం) కన్నా తక్కువని తేలి కంపెనీ పైసా ఇవ్వకపోయినా, ఫైలు తెరిచి ఉంటే అది చరిత్రలోకి ఎక్కవచ్చు. అందుకే ఫోన్ చేసినప్పుడు "క్లెయిమ్ వేయడం లేదు, కవరేజీ గురించి అడుగుతున్నాను" అని మొదటి మాటగా చెప్పండి.

ఇంటి రిపోర్టులో ఇంకో మెలిక ఉంది: క్లెయిములు మనిషితో పాటు చిరునామాకూ అంటుకుంటాయి. పాత యజమాని కాలంలో పైపు పగిలిన సంగతి మీ కొటేషన్‌ను పెంచగలదు. కొనేవాళ్లు ఆ రిపోర్టును నేరుగా తెప్పించుకోలేరు. ఒప్పందానికి ముందే అమ్మేవాళ్లను తెప్పించి చూపమనండి.

తప్పు దొరికితే క్లెయిమ్ నంబరు, తేదీ, తప్పేమిటో ఒక్క వాక్యంలో రాసి, రుజువుల నకళ్లు జతచేసి లెక్సిస్‌నెక్సిస్‌కు పంపండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉండాలి. "ఇదంతా తప్పు" అని రాస్తే పని జరగదు, ఏ అంశాన్ని సరిచూడాలో వాళ్లకు తెలియాలి. ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో విచారణ ముగించాలి. బీమా కంపెనీ ధ్రువీకరించలేని వివరాన్ని తీసేయాలి. ధ్రువీకరించినా మీరు ఒప్పుకోకపోతే, మీ వాదనను క్లుప్తంగా ఫైలులో చేర్పించవచ్చు. 100 పదాలు దాటనివ్వకండి.

అభ్యాసం: తేదీ, రకం, చెల్లించిన మొత్తం అని మూడు గడులు గీసి మీ రిపోర్టును అందులోకి ఎక్కించండి. పాత క్లెయిమ్ ఉత్తరాలతో పోల్చండి. 4వ పాఠానికి ఆ పట్టిక కావాలి.