అమ్మానాన్నల్ని పైక్స్ పీక్ పైకి తీసుకెళ్లేవాళ్లకు

నల్లగొండ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు పెద్ద కొండ చూపించాలంటే కొలరాడోలోని పైక్స్ పీక్ బాగుంటుంది. 14,115 అడుగుల శిఖరం దాకా కారే పోతుంది. గేటు నుంచి 19 మైళ్లు. ఎండాకాలంలో అయితే కారుకు టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. పొద్దుటి స్లాటే తీసుకోండి, మధ్యాహ్నానికి పిడుగులు మామూలే.

విమానం దిగిన మర్నాడే మాత్రం బయల్దేరొద్దు. మన నల్లగొండ రెండు వేల అడుగుల ఎత్తు కూడా ఉండదు. శిఖరం మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. ఎత్తు అలవాటయ్యేలా ముందు రెండు మూడు రాత్రులు డెన్వర్‌లో ఉండనివ్వండి. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టర్‌ను అడగందే కదలొద్దు.

జులైలో కూడా పైన చలే. మా అమ్మకు చీర మీద జాకెట్, మంకీ క్యాప్, సాక్సులు, షూ వేయించాను. పైన అరగంట చాలు. నీళ్లు తాగిస్తూ మెల్లగా నడిపించండి. తలనొప్పి, వాంతి అనిపిస్తే ఫొటోలు వదిలేసి వెంటనే దిగండి.

మన్ననూరు నుంచి శ్రీశైలం ఘాట్ నడిపినవాళ్లకు మలుపులు కొత్త కాదు, కానీ ఇక్కడ చాలాచోట్ల అంచున రెయిలింగ్ ఉండదు. లో గేర్‌లోనే దిగండి. దిగే దారిలో గ్లెన్ కోవ్ అనే చోట సిబ్బంది కారు ఆపి బ్రేకుల వేడి చూస్తారు. ఎక్కువుంటే చల్లారేదాకా ఆగాల్సిందే.